వాలరూలో ఒక నల్లగోడ

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి అడిలైడ్ సెంట్రల్ బస్ స్టేషన్‌లో వాలరూ వెళ్ళే బస్సెక్కాం, నేనూ నా రూమ్మేట్ స్రవంతీ. స్టూడెంట్ కార్డు చూపిస్తే టికెట్ తగ్గించి ఇచ్చారు, కాబట్టి వెళ్ళదలచినవాళ్ళు కార్డు మర్చిపోకండి. తిరుగు బస్సు సాయంత్రం నాలుగున్నరకి. అది తప్పితే మళ్ళీ సోమవారం దాకా బస్సు లేదు. సోమవారం పొద్దున్నే నేను యూనిలో మా లెక్చరర్ ఎదుట నిలబడాలి.

అసలు సంగతి ఆ సోమవారమే. మా మాస్టర్స్ చదువు వారసత్వ కట్టడాల మీదా, వలస వచ్చినవాళ్ళ అలవాట్ల మీదా. ఆఖరి ప్రాజెక్టుకి బ్రిటన్‌లోని ఒక పార్లమెంటు నియోజకవర్గాన్ని ఎంచుకుని, అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు దక్షిణ ఆస్ట్రేలియాలో ఏం మిగిల్చారో చూపించాలి. నేను వేల్స్‌లోని స్వాన్సీ ఈస్ట్ తీసుకున్నాను. రాగి కరిగించే కొలుములతో ఒకప్పుడు పొగచూరిపోయిన చోటు. ఆ కొలిమి పనివాళ్ళే ఓడలెక్కి వాలరూ రేవులో దిగారని చదివాను. లెక్చరర్ నా కాగితం చూసి పెదవి విరిచింది. "ఆ ప్రాంతమంతా బ్రిటన్ నైరుతి కొస నుంచి వచ్చి గనులు తవ్విన కార్నిష్ వాళ్ళది. నీ వెల్ష్ వాళ్ళు వచ్చారు, కలిసిపోయారు. ఏటా ఎవరో ఒకరు అక్కడి పాత కొలిమి చిమ్నీ ఫొటో తెస్తారు, అది మాత్రం నాకొద్దు. స్వాన్సీ అలవాటు ఒక్కటైనా అక్కడ బతికుందని కళ్ళారా చూసి రా. లేకపోతే సోమవారం టాపిక్ మార్చేసుకో" అంది.

టాపిక్ మారిస్తే ఆర్నెల్ల పని నీళ్ళపాలు. దానికంటే ఎక్కువ మండింది ఇంకోచోట. నేను గాజువాక పిల్లని. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆకాశం ఆ వైపు ఎర్రబడితే "స్లాగ్ పోస్తున్నారు" అనుకుని మళ్ళీ ఆటలో పడేవాళ్ళం. స్లాగ్ అంటే ఖనిజం కరిగించాక మిగిలే చిట్టెం. తవ్వినవాడికి ఇక్కడ జెండాలూ పండగలూ ఉన్నాయట, కొలిమి దగ్గర కాలినవాడికి ఏమీ లేదట. అదెలా ఉండదో చూద్దామనే బయల్దేరాను.

స్రవంతిది కరీంనగర్. "సముద్రం ఉంటదన్నవు కాబట్టి వస్తున్న. లేకుంటే శనివారం నిద్ర ఎవడు పాడు చేసుకుంటడే?" అని కిటికీకి తల ఆనించి పడుకుంది.

పోర్ట్ వేక్‌ఫీల్డ్‌లో బస్సు కాసేపు ఆగింది. కాఫీ నీళ్ళలా ఉంది, తాగేశాం. అక్కడి నుంచి దారికి రెండు పక్కలా పచ్చటి కనోలా పూలచేలే. మా ఇద్దరికీ ఆవచేలే గుర్తొచ్చాయి. ముందు సీట్లో కూర్చున్న ఒక తాత ఎక్కడికని అడిగాడు. వాలరూలో వెల్ష్ వాళ్ళ కోసం అన్నాను. "బస్సు తప్పెక్కారమ్మా! ఇందులో ఎవర్ని కదిపినా కార్నిషే" అని పకపకా నవ్వాడు. స్రవంతి ఒక కన్ను తెరిచి, "ఇగో, పెద్దమనిషే చెప్తున్నడు" అంది. "దిగాక చూద్దాంలే" అన్నాను.

పదకొండుంబావుకి దిగాం. ఊరు చిన్నది, వీధులు మాత్రం లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. జెట్టీ, దాని పక్కన ధాన్యం నింపే తెల్లటి సైలోలు, వాటి వెనక నీలం సముద్రం. స్రవంతి అటే లాగింది. ముందు పని అని నేను ఇటు లాగాను.

మొదట ఊరి చరిత్ర చూపించే గదికి వెళ్ళాం. వాలంటీరుగా కూర్చున్న పెద్దాయన ఎంతో ప్రేమగా కార్నిష్ గనుల పుస్తకం చేతిలో పెట్టాడు. "వెల్ష్ వాళ్ళు?" అని అడిగితే, "ఆఁ, వాళ్ళూ వచ్చారు" అని ఊరుకున్నాడు. వాళ్ళ చాపెల్, అంటే చిన్న చర్చి, ఒకటుండేదని చదివాను, ఎక్కడ అని పట్టుబట్టాను. మ్యాప్ మీద గీత గీసిచ్చాడు. గీత వెంట నడిస్తే చాపెల్ లేదు, బోట్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉంది. అందులో కుక్క మమ్మల్ని చూసి మొరిగింది. సమాధుల మీద పేర్లు చూద్దామని ఊరవతలికి నడిచాం. రాళ్ళ మీద వెల్ష్ ఇంటిపేర్లు ఉన్నాయి. మనసు కాస్త నిలబడింది గానీ, పేరు అలవాటు కాదు కదా, మేడమ్ ఒప్పుకోదు.

మేడమ్ అనొద్దు, పేరు పెట్టి పిలవమని ఆవిడ మొదటి రోజే చెప్పింది. నోరు రాక ఇప్పటికీ ఏమీ పిలవకుండానే మాట్లాడతాను.

ఒంటిగంటన్నరకి ఆకలి. బేకరీలో ఉన్నది కార్నిష్ పేస్టీ. అరచేతికన్నా పెద్ద కజ్జికాయ అనుకోండి, లోపల బంగాళాదుంపా కూరగాయలూ. మాంసం లేనిది అడిగి తీసుకోండి. స్రవంతి రెండు తిన్నది. "తిండి కూడా వాళ్ళదేనే. నీ వెల్షోళ్ళు ఉపవాసమున్నరా?" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అది చూసి తను, "సరే పా, ఇంకో వీధి చూద్దాం" అంది. అప్పటికి సముద్రం ఊసెత్తలేదు.

చిమ్నీ దగ్గరికీ వెళ్ళాం. ఇటుకలతో నలుచదరంగా, చాలా ఎత్తు. తలెత్తి చూస్తే మా నాన్న పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఫొటో మాత్రం తీయలేదు, పంతం.

మూడున్నరకి కాళ్ళు ఈడ్చుకుంటూ ఒక ఇంటి ముందు పిట్టగోడ మీద కూలబడ్డాం. గోడ నడుము దాకా లేదు, మొత్తం సున్నపురాయి. పైన వరస మాత్రం నల్లటి దిమ్మెలు. ఎండకి వెచ్చగా ఉన్నాయి.

"దిగండి! నా గోడ దిగండి!"

ఇంట్లోంచి ఎనభై దాటిన ఆవిడ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. గభాల్న లేచాం. "సారీ ఆంటీ" అన్నాను, అలవాటులో.

"నేనెవరికి ఆంటీనట? ఆ దిమ్మెలు కదులుతున్నాయి, పడితే నడుములు విరుగుతాయి. బుధవారం మా అబ్బాయి వచ్చి గోడంతా పడగొడుతున్నాడు. వాడి క్యారవాన్ బండి లోపలికి రావాలట."

నేను ఆవిడ మాట వినడం లేదు. అంచు విరిగిన దిమ్మె దగ్గర వంగి చూస్తున్నాను. విరిగినచోట గాజు మెరుపు, సన్నటి బుడగల రంధ్రాలు. రాయి కాదు. ఇది నేను చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. "స్రవంతీ, ఇది స్లాగే! స్లాగ్‌ని అచ్చులో పోశారు!"

గబగబా ఫోన్లో దాచుకున్న ఫొటో వెతికి ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. మొహం చిట్లించింది.

"అడక్కుండా నా గోడ ఫొటో ఎప్పుడు తీశావు?"

"ఇది మీ గోడ కాదండీ. వేల్స్‌లో, స్వాన్సీలో ఒక వీధి. అక్కడ కొలిమి పనివాళ్ళు మిగిలిన స్లాగ్‌ని అచ్చుల్లో పోసి, ఇళ్ళ గోడలకి పైవరసగా పెట్టుకునేవాళ్ళు."

ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుంది. చాలాసేపు ఇవ్వలేదు. తర్వాత కర్ర గోడకి ఆనించి, ఆ నల్లదిమ్మెల మీద చెయ్యి పెట్టింది. "మా తాత పోశాడివి. మా ఊళ్ళో ఇలాగే ఉంటాయి అనేవాడు. ఏ ఊరో నేనెప్పుడూ అడగలేదు. మా నాయనమ్మ రొట్టెపిండి గిన్నె దీనిమీదే పెట్టేది, వెచ్చగా ఉంటే పొంగుతుందని. గ్వెన్ అని ఆవిడ పేరే నాకూ పెట్టారు. పెళ్ళయ్యాక మావారి తరఫువాళ్ళంతా కార్నిష్. ఎవరైనా అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. వివరించే ఓపిక ఎవరికుంటుంది?"

స్రవంతి ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి దిగిపోయింది. "ప్లీజ్, గ్వెన్, డోంట్ బ్రేక్ ఇట్. క్యారవాన్ రోడ్డు మీద పెట్టుకోమని చెప్పున్రి మీ కొడుకుకి!" భాష అర్థం కాకపోయినా, గోడకి అడ్డంగా చేతులు చాచి నిలబడిన స్రవంతిని చూస్తే ఆవిడకి సంగతి అర్థమైంది.

"మొండిఘటాలు" అంది గ్వెన్. నవ్వలేదు. మాట కూడా ఇవ్వలేదు.

ఆవిడ మాటలు ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే తలూపింది. తాత గురించీ, అచ్చుల గురించీ, రొట్టెపిండి గురించీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. ఫొటోలు తీశాను. ఊడిపడిన ఒక ముక్క కూడా ఇచ్చింది. పిడికిలంత ముక్క, ఎంత బరువో! నాలుగున్నర కాబోతుంటే పరుగు తీశాం. జెట్టీ కుడిచేతి పక్కన అలాగే ఉండిపోయింది. "సముద్రం బాకీ ఉన్నవు నువ్వు" అని రొప్పుతూ అంది స్రవంతి.

బస్సు కదిలాక ఆ ముక్కని ఒళ్ళో పెట్టుకున్నాను. చున్నీకి మసి అంటినా పట్టించుకోలేదు. మా లెక్చరర్ ఏమంటుందో తెలీదు, కానీ సోమవారం టాపిక్ మార్చేది నేను కాదు. గోడ సంగతే గుండెల్లో ముల్లులా ఉంది. నా మార్కులు దక్కి, బుధవారం ఆ గోడ పోతే ఏం లాభం?

ఊరు దాటేముందు బస్సు గ్వెన్ వీధిలోకే మళ్ళింది. స్రవంతి నా భుజం గట్టిగా గిల్లింది.

మమ్మల్ని దిగమని అరిచిన ఆ గోడ మీదే ఆవిడ కూర్చుని ఉంది. కర్ర పక్కన పెట్టింది. ఒక చేత్తో చెవి దగ్గర ఫోను పట్టుకుని గట్టిగా ఎవరితోనో వాదిస్తోంది. రెండో చేత్తో నల్లదిమ్మెని గట్టిగా పట్టుకుంది. మా బస్సు చూసి ఆ చెయ్యి ఎత్తింది. మళ్ళీ వెంటనే గోడ మీద పెట్టేసింది.

వాలరూ వెళితే ఆ వీధికి తప్పకుండా వెళ్ళండి. గోడ అక్కడే ఉంటుంది. కూర్చునేముందు మాత్రం ఆవిణ్ణి అడగండి.