ఎస్తేరమ్మ వదులు చేసిన పట్టీలు

తెల్లవారుజామున ఎడమ కంటి మూలకు సన్నటి చల్లగాలి తగిలి మెలకువ వచ్చింది. ముక్కు మీది మాస్కు నిద్రలో పక్కకు ఒరిగినట్టుంది, అంచు నుంచి గాలి జారిపోతూ చిన్నగా ఈల వేస్తోంది. వీధిలో అప్పుడే మొదటి మగ్గం చప్పుడు మొదలైంది. చెయ్యి తల వెనక పట్టీ దాకా వెళ్లింది కానీ దాన్ని బిగించలేదు. మాస్కును రెండు వేళ్లతో కాస్త పైకి లేపి, దాని మెత్తటి అంచు గాలితో ఉబ్బేదాకా ఆగి, మళ్లీ నెమ్మదిగా ముక్కు మీద ఆనించాను. ఈల ఆగింది. పక్కన నా భార్య మాదేవి కదలకుండా నిద్రపోతోంది. ఈ చిన్న పని నాకు నేర్పిన మనిషి ఎస్తేరమ్మ సిస్టర్. ఆమె గుర్తుకొస్తే ఇక నిద్ర పట్టదు. లేచి కూర్చున్నాను.

ఆమె ఉద్యోగమంతా ఆదోనిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఎమ్మిగనూరులో మా నేత వీధికి వచ్చి స్థిరపడింది. భర్త అప్పటికే లేడు. మనిషి సన్నం, పొడుగు. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకునేది. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ముందు వాళ్ల ముఖం చూసేది కాదు, ఛాతీ చూసేది. ఊపిరి ఎలా ఆడుతోందో చూడడం అన్నేళ్లలో ఆమెకు అలవాటైపోయింది. వీధిలో వాళ్లు మందుచీటీలు తెచ్చి చూపిస్తే చదివి చెప్పేది తప్ప, ఎవరి ఇంట్లోనూ ఊరికే కూర్చునేది కాదు. మా అందరికీ ఆమె సిస్టరమ్మ.

నేను స్కూలు బస్సు డ్రైవరును. పేరు ఉరుకుందప్ప. పొద్దున పెద్దకడుబూరు వైపు పల్లెల్లో పిల్లల్ని ఎక్కించుకుని ఎమ్మిగనూరు తెస్తాను, సాయంత్రం తిరిగి దింపుతాను. నలభై దాటినప్పటి నుంచి నా గురక మీద ఇంట్లో అందరూ తమాషా చేసేవాళ్లు. మాదేవి మాత్రం నవ్వేది కాదు. నిద్రలో నా ఊపిరి ఆగిపోతోందని, కాసేపటికి ఎవరో గొంతు వదిలినట్టు ఎగపోసుకుంటున్నానని చెప్పేది. నేను నమ్మలేదు. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది, పది గంటలకే కళ్లు వాలేవి. ఎండ దెబ్బ అనుకుని టీ మీద టీ తాగేవాణ్ని.

ఒక సాయంత్రం పిల్లల్ని దింపడానికి వెళ్తున్నాను. రోడ్డు తిన్నగా ఉంది, రెండు పక్కలా పత్తి చేలు. కన్ను మూసిన సంగతి నాకు తెలియదు. వెనక సీట్లోంచి ఒక ఆడపిల్ల, ఏమీ జరగనట్టే, “మామా, బస్సు చేన్లోకి పోతాంది” అంది. కళ్లు తెరిచేసరికి ముందు చక్రం రోడ్డు అంచు దిగి ఉంది. బ్రేకు తొక్కాను. పిల్లలు నేను కావాలని చేశాననుకుని నవ్వారు. కుక్క అడ్డమొచ్చిందని చెప్పి బస్సును మళ్లీ రోడ్డెక్కించాను. ఆ అబద్ధాన్నే క్లీనరుకూ చెప్పాను, ఇంట్లో అదీ చెప్పలేదు.

నేను చెప్పకపోయినా మాదేవి నా ఊపిరి సంగతి సిస్టరమ్మకు చెప్పింది. ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. మధ్యాహ్నం భోజనమై నడవాలో మంచం వాల్చుకుంటున్నాను. “నువ్వు పండుకో అప్పా. నేనీడ కూసుంటా” అంది. ఒకరు చూస్తుంటే నిద్రెలా పడుతుందని నవ్వాను. నవ్విన కాసేపటికే పట్టిందట. లేచేసరికి ఆమె స్టూలు మీద, గడియారం కనబడేలా చెయ్యి తిప్పుకుని అలాగే ఉంది.

“పదకొండుసార్లు ఆగింది. గంట కూడా నిద్రపోల్యా నువ్వు. ఒకసారి నేనే లేపాలనుకొన్యా” అంది. ఆ తర్వాత మాదేవి వైపు తిరిగి, “ఈమె సెప్పేది నిజం. రేపే కర్నూలుకి పోండి” అంది.

కర్నూలులో ఒక రాత్రి ఒంటికి తీగలు అంటించి పరీక్ష చేశారు. నిద్రలో నా గొంతు దారి మూసుకుపోతోందని, అది మూసుకోకుండా గాలిని ఒత్తిడితో పంపే యంత్రం రోజూ పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. షాపతను నా ముఖం ఒకసారి చూసి, పెద్ద ముఖమంటూ పెద్ద సైజు మాస్కు ఇచ్చాడు. దాన్ని పెట్టుకున్న మొదటి రోజు నీళ్లలో ముంచి పట్టుకున్నట్టు అనిపించింది. గాలి కళ్లలోకి కొట్టేది. పోతోంది కదా అని పట్టీలు బిగించాను. ఇంకా పోయింది, ఇంకా బిగించాను. వారానికి ముక్కు దూలం మీద పుండు పడింది. యంత్రాన్ని తీసి అటక మీద పెట్టేశాను. వీధిలో ఎవరడిగినా రోజూ పెట్టుకుంటున్నానని చెప్పాను.

పది రోజుల తర్వాత సిస్టరమ్మ వీధిలో ఎదురైంది. ఆ రోజు మాత్రం నా ముఖమే చూసింది.

“ముక్కు మీద పుండు మానింది. మిషనీ కూడా మానినావా?”

నేను ఇంటి వైపు నడిచాను. ఆమె నా వెనకే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. బస్సు తోలేటప్పుడు ఎప్పుడైనా కన్ను మూతపడిందా అని అడిగింది. అబద్ధం చెప్పబోయాను, ఎందుకో నోరు రాలేదు. చేలోకి దిగిన చక్రం గురించి చెప్పాను. వాకిట్లో చాట పట్టుకుని నిలబడ్డ మాదేవి ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నది. చాట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

“స్కూల్లో సెప్పు. ఇది సక్కబడేదాకా బస్సు ముట్టుకోవద్దు” అంది సిస్టరమ్మ.

నాకు కోపమొచ్చింది. “మీకేమమ్మా, పింఛనొస్తాది. నేను సెప్తే రేపట్నుంచి నాకు స్టీరింగు ఎవరిస్తారు?” అన్నాను.

ఆమె కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. “ఆదోనిలో పని చేసేటప్పుడు ఒక లారీ డ్రైవరొచ్చినాడు. నుదురు పగిలింటే కుట్లేసి కట్టు కట్టినా. ఎట్ల తగిలిందప్పా అంటే, కన్ను మూతపడిందమ్మా, దినమూ ఇంతే అన్నాడు. టీ తాగి తోలప్పా అని నవ్వి పంపిచ్చినా. నెలకి మల్లా తెచ్చినారు. ఈసారి వాడొక్కడే కాదు, ఎదురొచ్చిన ఆటోలో వాళ్లు కూడా. ఆ కట్లన్నీ నేనే కట్టినా.” లేచి, చెప్పులు వేసుకుంటూ, “నువ్వు సెప్తావా, నేను సెప్పాల్నా?” అంది.

నేనే చెప్పాను. స్కూలు నడిపే కరెస్పాండెంటు తిట్టలేదు, బస్సు తాళం కోసం చెయ్యి చాచాడు, అంతే. గేటు దగ్గర నిలబడే పని ఇచ్చాడు. నా బస్సును ఇంకొకరు తోలుకుంటూ నా ముందు నుంచే వెళ్తుంటే, కిటికీల్లోంచి పిల్లలు నువ్వెందుకు రావట్లేదని అడుగుతుంటే, నాకు ఆమె మీద ఉన్న గౌరవమంతా కోపంగా మారింది. వీధిలో కనబడితే తల తిప్పుకునేవాణ్ని.

ఆమె అదేమీ పట్టించుకోలేదు. గేటు పని మధ్యాహ్నం దాకే. మూడు గంటలకు మా ఇంటికి వచ్చేది. మొదటి రోజు నా చేతే అటక మీది యంత్రం దింపించింది. దాంతో ఇచ్చిన చిన్న పుస్తకాన్ని పట్టుకుపోయి మర్నాడు తెచ్చింది, పేజీల మధ్య కాగితపు ముక్కలు పెట్టుకుని. “నాకూ ఇది కొత్తే. పుస్తకం సదివినా, డాక్టరుకి ఫోన్ చేసినా. ఇద్దరం నేర్సుకుందాం” అంది. ఆ మాటతో నా కోపం పోలేదు కానీ, ఆమెకు తలుపు తీయడం మాత్రం మానలేదు.

పట్టీలు ముట్టుకోవద్దంది. యంత్రం వేసి, మాస్కును చేత్తో ముక్కుకు ఆనించుకుని కుర్చీలో ఊరికే కూర్చోమంది. “వద్దనిపిస్తే తీసెయ్యి. తీసెయ్యొచ్చని తెలిస్తే భయం తగ్గుతాది” అంది. తీసేశాను. మళ్లీ పెట్టాను. మొదటి రోజు పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను. తర్వాత్తర్వాత మాదేవి శనక్కాయలు వలుస్తూ కబుర్లు చెబుతుంటే, టీవీ నడుస్తుంటే, గంట గడిచిపోయేది. మనం మేలుకుని ఉండగానే ఆ గాలికి ఊపిరి అలవాటు పడాలని, నిద్రలో కొత్తగా నేర్చుకోవడం కుదరదని ఆమె అనేది.

గాలి పోయే చోటు వెతకడానికి వేలు తడి చేసుకుని మాస్కు చుట్టూ తిప్పేది. పట్టీలు ఒక్కొక్కటే వదులు చేసింది. “గాలి పోతాందని బిగిస్తావు. బిగిస్తే అంచు ముడత పడతాది. ముడతలోంచే పోతాంది.” నిజమే, వదులు చేస్తే తగ్గింది. పడుకుంటే మళ్లీ మొదలైంది, పడుకున్నప్పుడు ముఖం మీది కండ జారుతుంది కాబట్టి. అప్పటి నుంచి మాస్కు సరిచేయడమంతా మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, గాలి వస్తుండగానే చేయించింది. ముఖం కడగకుండా పెట్టుకోనిచ్చేది కాదు. మాస్కును రోజూ పిల్లల సబ్బుతో కడిగించేది, చెమటా నూనే ఉంటే అంచు జారుతుందని. పై పెదవి దగ్గర ఇంకా కొంచెం పోతుంటే నా మీసం వైపు చూసింది. మా నాన్న మీసం లాంటి మీసం నాది. “కింది వరస కొంచెం పైకి కత్తిరిచ్చుకో అప్పా. మీసమూ పోదు, గాలీ పోదు” అంది. మంగలి దగ్గరికి వెళ్లాను.

అన్నీ ఆమె చెప్పినట్టే జరగలేదు. పుండు మళ్లీ పడకుండా ఒకసారి పాత ధోవతి గుడ్డను మడిచి ముక్కు మీద మాస్కు కింద పెట్టించింది. ఆ రాత్రంతా గాలి కళ్లలోకే కొట్టింది. మర్నాడు చెబితే, “నేను సెప్పింది తప్పు” అంది. అంత తేలిగ్గా అంది. పెద్దవాళ్లు ఎవరైనా నా ముందు ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు. మా నాన్న అనలేదు, నేను నా పిల్లలతో అనలేదు. ఆమె మీద నాకున్న కోపం ఆ రోజు పోయింది.

అసలు లోపం సైజులో ఉందని ఆమెకు అప్పుడే తట్టింది. నన్ను వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. షాపతను మళ్లీ నన్ను నిలబెట్టి ముఖం చూడబోయాడు.

“మనిషి నిలబడి నిద్రపోతాడా అప్పా?” అంది సిస్టరమ్మ. “ఆ బెంచీ మీద పండుకోనీ. గాలి పెట్టి సూడు.”

షాపులో ఉన్న నలుగురూ చూస్తుండగా బెంచీ మీద పడుకున్నాను. సిగ్గేసింది. మూడు మాస్కులు మార్చాక, ఒక సైజు చిన్నది చప్పుడు లేకుండా కూర్చుంది. ఆమె తడివేలు చుట్టూ తిప్పి, తల ఊపింది. ముఖం పెద్దదైనా నా ముక్కు చిన్నదేనట.

వారం తర్వాత ఒక పొద్దున లేచాను, తలలో దిమ్ము లేదు. అంత తేలిక నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదు. మాదేవి కళ్లు ఎర్రగా ఉన్నాయి. గురక వినబడక, ఉన్నానో లేదోనని నాలుగుసార్లు లేచి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసిందట. రెండు నెలలకు డాక్టరు యంత్రంలోని లెక్కలు చూసి, ఇక తోలవచ్చని రాసిచ్చాడు. కరెస్పాండెంటు ఆ కాగితం రెండుసార్లు చదివి తాళం ఇచ్చాడు.

మొదటి రోజు సాయంత్రం బస్సు తీయబోతుంటే సిస్టరమ్మ ఎక్కి, సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుంది. ఎవరు రమ్మన్నారని అడగలేదు. పెద్దకడుబూరు దాకా, అక్కడి నుంచి చివరి పల్లె దాకా, తిరిగి ఖాళీ బస్సులో ఎమ్మిగనూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మెట్టు మీద ఆగి, “మిట్ట కాడ బ్రేకు గట్టిగా తొక్కినావు. మిగతాదంతా బాగుంది” అంది. బస్సు నేనే కడుగుతానని క్లీనరును పంపేసి, ఖాళీ సీట్ల మధ్య కూర్చుని కాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. గుండె జబ్బుతో ఆదోని ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్తే, పలకరించకముందే ఆమె కళ్లు నా ఛాతీ వైపు వెళ్లాయి. చూసి, చాలన్నట్టు కళ్లు మూసుకుంది. ఆదోనిలోనే సమాధి చేశారు. మట్టి వేయడానికి మా వీధిలో సగం మంది వచ్చారు. మగ్గాలు ఆ పూట ఆగాయి.

ఆమె నేర్పిన మాస్కు పని చేతులకు వచ్చేసింది, అది పెద్ద విషయం కాదు. నాలో మిగిలినది వేరే. ఈ వానాకాలం ఒక రాత్రి గాలివానకు స్తంభాలు కూలి, తెల్లారేదాకా కరెంటు రాలేదు. యంత్రం నడవలేదు. పొద్దున లేస్తే పాత దిమ్ము తలలో ఉంది. తోలితే తోలగలిగేవాణ్నేమో, ఎవరికీ తెలిసేది కాదు. స్కూలుకు ఫోన్ చేశాను. “సార్, రాత్రి నాకు నిద్ర లేదు. ఈ పొద్దు నేను బస్సు తీయను” అన్నాను. అవతల కరెస్పాండెంటు విసుక్కున్నాడు, వేరే డ్రైవరును యాడ తెచ్చేదన్నాడు. తెచ్చుకోమన్నాను. పిల్లలు ఒక గంట ఆలస్యంగా బడికి చేరారు. నేను ఇంట్లో కూర్చుని మాదేవి ఇచ్చిన టీ తాగాను.