ఎర్ర పెన్సిల్ కొట్టేసిన వాన

1946 డిసెంబరులో నన్ను నగరి వానమాపక కేంద్రం తనిఖీకి వేశారు. వాతావరణ శాఖలో అప్పుడు నేను జూనియర్ పరిశీలకుణ్ణి. పోస్టు జూనియర్‌దే గానీ గర్వం సీనియర్‌ది.

పని ఇదీ. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద పేరుకునే మంచు ఏటా ఒకేలా ఉండదు. అది తగ్గిన ఏడాది చలిగాలుల దారి మారి, ఎక్కడో దక్షిణాన శీతకాలపు వానలు కూడా మారతాయేమోనని మా పై అధికారికి అనుమానం. ఓడలవాళ్లు రాసిన మంచు వివరాలు ఆయన దగ్గర ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చూడటానికి మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడిన వాన, ఏడాదికో మొత్తం, కావాలి. రోజువారీ కొలతలో ఖాళీ ఉన్న ఏడాదిని కొట్టేయమన్నది నియమం. ఖాళీలు మరీ ఎక్కువైతే కేంద్రాన్నే ఎత్తేస్తారు.

నగరిలో వాన కొలత చూసేది సర్కారు బంగళా తోటమాలి మునిరత్నం. పదహారేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదింటికి వానమాపకం సీసాలో చేరిన నీటిని కొలిచి రిజిస్టరులో రాస్తున్నాడు.

రిజిస్టరు తిప్పాను. సరిగ్గా పెద్ద వానలు పడిన రోజుల్లోనే అడ్డగీతలున్నాయి. అడ్డగీత అంటే కొలవలేదని గుర్తు. ఎర్ర పెన్సిల్ తీసి ఆరేళ్లు కొట్టేశాను. ఇక ఈ కేంద్రం ఉండకపోవచ్చని కూడా చెప్పాను. మునిరత్నం ముఖం చిన్నబోయింది.

"మా ఇల్లు ఏటికి ఆ పక్క సామీ. ఏరొస్తే ఈడికి రాలేను. రాని దినం గీత పెట్టినాను. సున్నా పెడితే అబద్ధం గదా," అన్నాడు. రిజిస్టరులో గీత కింది అంకె చూపించి, "అయినా సీసాలో నీళ్లు యాడికి పోతాయి? ఏటి నీళ్లు తగ్గినాక వచ్చి, అంతా కొలిసి, వచ్చిన దినం కింద రాసినాను. సీసా పొంగి బయటి డబ్బాలో పడిందీ కొలిసినాను," అన్నాడు.

నాకు సిగ్గేసింది. పై అధికారి అడిగింది మూడు నెలల మొత్తం, ఏ రోజు ఎంతన్నది కాదు. ఆ మొత్తం చెక్కుచెదరలేదు. అంతకు ముందు వారం మరో ఊళ్లో ఒక్క ఖాళీ కూడా లేని రిజిస్టరు చూసి మెచ్చుకుని వచ్చాను. దాని అంకెలు ఎక్కించుకున్న నా నోటుబుక్కు తీసి చూస్తే, జిల్లా అంతా తుపాను వాన కురిసిన రోజున అందులో సున్నా ఉంది.

ఆరేళ్లూ తిరిగి చేర్చి, కారణం రాసి పంపాను. పై అధికారి ఒప్పుకున్నారు. కేంద్రం నిలిచింది. మంచుకూ మా వానకూ లంకె ఉందో లేదో ఆ కొద్ది ఏళ్ల కొలతలతో తేలలేదు. ఎప్పటికైనా తేల్చబోయేవాళ్లకు మాత్రం నగరిలో పడిన వాన పడినట్టే రాసి ఉంది.

ఖాళీ కనిపిస్తే కొట్టేసే ముందు రాసినవాణ్ణి అడగాలని అక్కడ నేర్చుకున్నాను. ఎర్ర గీతలు రబ్బరుతో ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. ఆ తర్వాత ఏ తనిఖీకీ ఎర్ర పెన్సిల్ తీసుకుపోలేదు.