మడిచిన ఆకుల్లో అన్నం

మా మావగారికి "చాలు" అన్న మాట చెవికెక్కదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ పక్క సందులో మాది చిన్న భోజన హోటలు. వంట మావారిది, కౌంటరు నాది, వడ్డన మావగారిది. అన్నం బేసిను ఎడమ చేత్తో నడుముకి ఆనించుకుని, కుడి చేత్తో పలకంత హస్తం గరిటె పట్టుకుని ఆయన వరసలోకి దిగేవారు. ఎవరైనా ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యి పక్కనించి వడ్డించేవారు. "మొహమాటపడకండి, ఇంకొంచెం ఏయించుకోండి" అనేవారు. మా వైపు అది మర్యాద. వద్దన్నారని నిజంగానే ఊరుకుంటే పిసినారి కిందే లెక్క.

ఆ మర్యాదే మమ్మల్ని ముంచేసేలా ఉంది. బియ్యం ధర, గ్యాస్ ధర పెరుగుతూనే ఉన్నాయి. వచ్చే జనం అంతే, వండే అన్నం మాత్రం ఏ రోజుకా రోజు ఎక్కువవుతోంది. ఒక మధ్యాహ్నం మావగారు కుర్చీలో కూలబడి, "ఇంక నా వల్ల కాదమ్మాయ్. ఈ నెలాఖరుకి మూసేద్దాం. బిల్డింగ్ ఓనరుగారికి కూడా చెప్పేశాను" అన్నారు. భీమడోలు నించి కోడలిగా వచ్చిన దగ్గర్నించీ ఆ కౌంటరే నా ప్రపంచం. హోటలు మూసేస్తే ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి. నాకంత ఓర్పు లేదు.

ఈ అన్నమంతా ఎక్కడికి పోతోందో ఆ రోజే వెతికాను. తిన్నాక ఆకు మడిచి లేవడం మా పద్ధతి. మడిచిన ఆకులో ఏముందో ఎవరికీ కనబడదు. తిన్నవాళ్ల పరువూ పెట్టినవాళ్ల పరువూ రెండూ దక్కుతాయి. హోటలు ఖాళీ అయ్యాక పెరట్లో ఎంగిలాకులు వేసే డ్రమ్ము పక్కన పీట వేసుకుని ఒక్కో ఆకూ విప్పడం మొదలుపెట్టాను. మావారు చూసి, "నీకేమైనా పిచ్చా" అన్నారు. విప్పిన ఆకుని విప్పినట్టే ఆయన ముందు పెట్టాను. కూర కూడా అంటని తెల్లటి అన్నం, దాని పక్కన చెయ్యి పెట్టని వేపుడు. ఆయన పక్కన కూర్చుని తనూ విప్పారు.

నాకు ఆవేశం వస్తే ఆలోచన ఆగిపోతుంది. మర్నాడే గోడకి ఒక అట్ట తగిలించాను. "కావలసినంత అడిగి వేయించుకోండి. వృథా చేయకండి." అడగనిదే ఎవరికీ పెట్టొద్దని మావగారికి గట్టిగా చెప్పాను. పాపం, ఆయన బేసిను పట్టుకుని గోడవార నిలబడిపోయారు. ఆకుల్లో ఒక్క మెతుకు మిగల్లేదు, నిజమే. కానీ రెండోసారి అన్నం అడిగినవాళ్లు కూడా లేరు. అడిగి తినడమంటే మావాళ్లకి చచ్చేంత సిగ్గు. అర్ధాకలితో లేచి, నవ్వుతూ డబ్బులిచ్చి, మర్నాడు పక్క వీధి హోటలుకి వెళ్లిపోయారు. నాలుగు రోజుల్లో సగం బల్లలు ఖాళీ. నా తెలివికి, మూసెయ్యడానికి నెలాఖరు దాకా కూడా ఆగక్కర్లేదనిపించింది.

కొల్లేరు వైపు చేపల చెరువులున్న ఒకాయన గూడెం వచ్చినప్పుడల్లా మా దగ్గరే తినేవారు. ఆ రోజు చెయ్యి కడుక్కుని వచ్చి, అట్ట చదివి నవ్వారు.

"ఏవండీ, మేం చేపలకి మేత ఎలా పెడతామో తెలుసాండీ మీకు?" అన్నారు.

తెలియదన్నాను.

"బస్తా మొత్తం ఒక్కసారే కుమ్మరించామనుకోండి, సగం అడుక్కి పోయి కుళ్లిపోద్దండి. నీళ్లు పాడు, మేత దండగ. అందుకని సంచికి చిల్లులు పెట్టి, నీళ్లలో కర్రకి కడతామండి. చేప వచ్చి పొడిచినప్పుడల్లా కాస్త కాస్త రాలుద్ది. కడుపునిండా తింటది, మేత మిగల్దు. మీ మావగారేమో బస్తా కుమ్మరించారు, మీరేమో సంచి మూతి కట్టేశారు. అంతేనండి."

నన్ను అంత మర్యాదగా ఎవరూ తిట్టలేదు. వెంటనే అట్ట పీకేశాను. ఆ సాయంత్రమే ఏలూరులో మా చెల్లెలింటికి వెళ్లాల్సిన పని ఉంటే, అక్కడి స్టీలు సామాన్ల కొట్లో పాతదానిలో మూడోవంతు ఉండే చిన్న హస్తం కొన్నాను.

మావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీంతో వడ్డిస్తే నవ్వుతారమ్మాయ్."

"కొంచెమే పెట్టండి మావయ్యగారూ. కానీ ఎన్నిసార్లయినా వెళ్లండి. మీరు బతిమాలితే ఎవరు కాదంటారు?" అన్నాను.

ఆయనకి కావలసిందీ అదే. రెండుసార్లు తిరిగే వరసలో ఐదారుసార్లు తిరిగారు. "కొంచెమేనండి" అంటూ నిజంగానే కొంచెం వేసేవారు. ఆ కాస్తకి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టేవారు కాదు. జనానికి కావలసింది అన్నం కుప్ప కాదు, ఆ పలకరింపు. వారం తిరక్కుండా పాతవాళ్లంతా వచ్చేశారు. "ఈమధ్య పెద్దాయన ఇంకా బాగా చూసుకుంటున్నారండి" అని నాతోనే అన్నారు. రోజూ వండే అన్నంలో ఒక పెద్ద గిన్నెడు తగ్గింది.

బాధపడింది గేదెలాయన ఒక్కరే. డ్రమ్ములో పడిందంతా రోజూ కుడితికి పట్టుకెళ్లేవారు. అందులోకి తొంగి చూసి, "వ్యాపారం దెబ్బతిందా అండీ" అని జాలిగా పరామర్శించారు. నవ్వాపుకుని రెండో డ్రమ్ము చూపించాను. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కులు అందులో వేరుగా వేయిస్తున్నాను. ఇదివరకు ప్లాస్టిక్ కవర్లూ కాగితాలూ కలిసిపోయి ఆయన సగం పారబోసుకునేవారు. ఆ శుభ్రమైన కుడితి చూశాక మాకు పాలు తక్కువ ధరకి పోయడం మొదలుపెట్టారు.

నెలాఖరు రానే వచ్చింది. సరిగ్గా భోజనాల వేళకి బిల్డింగ్ ఓనరుగారు దిగారు. ఇంత జరిగినా, మూసేద్దామన్న మాట వెనక్కి తీసుకుంటున్నట్టు మావగారు ఎవరితోనూ అనలేదు. ఆయన ఓనరుగారిని కూర్చోబెట్టి ఆకు వేశారు. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో రెండుసార్లు కొసరి కొసరి పెట్టారు.

"ఇంతకీ ఖాళీ ఎప్పుడు చేస్తారండీ? మొబైల్ షాపు వాళ్లు అడుగుతున్నారు" అన్నారు ఓనరుగారు.

"ఆ సంగతి నన్నడక్కండి. హోటలు మా కోడలిదండి. ఆవిడ ఎలా చెప్తే అలా వడ్డించుకుంటన్నాను" అంటూ మావగారు పక్క బల్లకి వెళ్లిపోయారు.

ఓనరుగారు నా వైపు తిరిగారు. నా మాట వరసంతా తలెత్తి చూసేంత గట్టిగా వచ్చింది.

"మేం ఖాళీ చెయ్యమండి."