ఇరవై నిమిషాల పప్పన్నం

నాతో వాదించే కంటే వాకిట్లో మంచు తోయడం సులువని మా ఆయన అంటుంటారు. నిజంగానే, నేను ఏదైనా మొదలుపెడితే చాలు, పార తీసుకుని బయటికి వెళ్ళిపోతారు. ఒకసారి మంచు పడని రోజు కూడా వెళ్ళారు. అయితే నేను స్కూల్ బోర్డు ఎన్నికల్లో నిలబడింది వాదనంటే ఇష్టమై కాదు. మా అమ్మాయి లంచ్ డబ్బాలో అన్నం మిగిలిపోతోందని.

అప్పుడది ఆరో గ్రేడ్. స్కూల్లో భోజనానికి ఇరవై నిమిషాలిస్తారు. చేతులు కడుక్కుని, చోటు వెతుక్కుని, డబ్బా మూత ఊడబెరుక్కునేసరికి ఆ టైములో సగం హరీ. బెల్లు కొట్టగానే పిల్లలందర్నీ ఆడుకోండంటూ చలిలోకి తోలేస్తారు. ఆ రీసెస్‌కి మాత్రం బోలెడంత టైము. సాండ్‌విచ్ పిల్లలకు సరిపోతుందేమో గానీ, పప్పన్నం తిని, కూరన్నం తిని, చివర పెరుగన్నం తినకుండా లేస్తే అదీ ఒక భోజనమేనా? రోజూ సాయంత్రం డబ్బా తెరిస్తే, పొద్దున నేను పెట్టిన పెరుగన్నం చెక్కు చెదరకుండా నన్నే చూస్తుండేది.

టీచర్ని అడిగితే ప్రిన్సిపాల్‌ని అడగమంది. ప్రిన్సిపాల్ బోర్డుని అడగమన్నాడు. బోర్డు మీటింగుకి వెళ్తే, జనంలోంచి వచ్చినవాళ్ళకి మైకు మూడు నిమిషాలేనట. నేనింకా పప్పు దగ్గరే ఉన్నాను, మైకు కట్టేశారు.

"పూర్తిగా మాట్లాడాలంటే ఏం చెయ్యాలి?" అని మైకు లేకుండానే అడిగాను. నాకు మైకు అవసరం లేదని అప్పుడే అందరికీ తెలిసింది.

"ఈ బోర్డులో ట్రస్టీగా గెలవాలి," అంది అధ్యక్షురాలు నవ్వుతూ.

ఆవిడ వేళాకోళానికి అంది. ఎన్నికలు ఆ ఏడే. నేను మర్నాడే వెళ్ళి నామినేషన్ వేసొచ్చాను.

ఆ సాయంత్రం టొరంటో రైలు దిగి ఇంటికొచ్చిన మా ఆయనకి సంగతి చెప్పాను. బూటు విప్పుతున్న మనిషి అలాగే ఆగిపోయారు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకు ఊరంతా ఓటెయ్యాలే మరి!"

"నా నోటికేం? అది ఎవరికోసం మాట్లాడుతోందో చూడండి."

ఎవరికోసమైతే మాట్లాడుతోందో ఆ పిల్లే మెట్ల మీంచి తొంగి చూసి, "అమ్మా, ప్లీజ్ డోన్ట్," అని మళ్ళీ పైకెళ్ళిపోయింది.

ఇక్కడ అభ్యర్థులు తలుపు తట్టి, ఒక కాగితం చేతిలో పెట్టి, చిరునవ్వు నవ్వి పక్కింటికి పోతారు. మనవాళ్ళ ఇళ్ళల్లో అలా కుదురుతుందా? చెప్పులు విప్పావా, ఇక టిఫిను తిని కాఫీ తాగందే కదలనివ్వరు. మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి మూడిళ్ళు పూర్తి చేశాను. మూడో ఇంట్లో పెసరట్టు పెట్టారు. ప్రజాస్వామ్యం ఇంత అరక్కుండా ఉంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అందుకని దసరాకి బొమ్మల కొలువు పెట్టి అందర్నీ పేరంటానికి పిలిచేశాను. పై మెట్ల మీద దేవుళ్ళు యథావిధిగా ఉన్నారు. కింది మెట్టు మీద మాత్రం స్కూలు. ప్లాస్టిక్ పిల్లలు, అగ్గిపెట్టెల బల్లలు, వాటి మీద గోరంత డబ్బాలు. ప్రిన్సిపాల్‌కి బొమ్మ దొరక్క, కొండపల్లి సెట్‌లో తాడిచెట్టెక్కిన మనిషిని పెట్టాను. కిందివాళ్ళ మాట వినబడనంత ఎత్తులో ఉన్నాడు కదా, సరిపోయాడు.

ఆడవాళ్ళు పట్టుచీరల మీద కోట్లు వేసుకుని బిలబిల్లాడుతూ వచ్చారు. అరగంట దూరంలో ఉన్న ఒషావా నుంచి కూడా వచ్చారు. "అక్కా, మా ఓటు మీక్కాక ఇంకెవరికి?" అని ఒకరు, "మా ఇంట్లో నాలుగూ మీవే ఆంటీ," అని ఒకరు. శనగలు పంచుతూ నేను మనసులోనే ప్రమాణ స్వీకారం చేసేశాను.

నాకు పోటీ ఒక రిటైరైన లెక్కల మేష్టారు. తెల్లజుట్టు, తెల్లతోలు, ఎప్పుడూ తొందరపడని మాట. లైబ్రరీలో అభ్యర్థులందరితో సభ పెడితే, ఇరవై నిమిషాలు ధారాళంగా సరిపోతాయని ఆయనన్నారు.

"అయితే వచ్చేవారం సభలో మా అమ్మాయి లంచ్ మీరు తిని చూపించండి," అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన సరేనన్నారు.

సభ రోజు పొద్దున వంటింట్లో ఉంటే మా ఆయన వచ్చి గిన్నెల్లోకి తొంగి చూశారు.

"ఆయన తినలేకపోతేనే కదా నువ్వు గెలిచేది? కాస్త ఉప్పు తగ్గించు. ఆ నెయ్యి మానెయ్."

"ఏమిటీ? ఊరందరి ముందూ నా వంట బాగాలేదనిపించుకోమంటారా?"

"ఎన్నికలు ముఖ్యమా, వంట ముఖ్యమా?"

ఇదేం ప్రశ్నండీ? ముద్దపప్పు చేశాను. బెండకాయ వేపుడు కరకరలాడేలా వేయించాను. ఆవకాయ మా అమ్మ పంపిన జాడీలోంచి తీశాను. పెరుగన్నంలో దానిమ్మ గింజలు కూడా వేశాను. అవి మామూలు రోజుల్లో మా అమ్మాయికి కూడా వెయ్యను.

లైబ్రరీలో గోడగడియారం కింద మేష్టారిని కూర్చోబెట్టాం. ఆయన ఫోర్కుతో పప్పు విడిగా, అన్నం విడిగా పొడుస్తున్నారు. ఇలాగైతే రాత్రికి కూడా అవదు, గెలిచాననుకున్నాను. కానీ పప్పు విడిగా తింటున్న మనిషిని చూస్తూ ఎంతసేపని ఊరుకుంటాం?

"అలా కాదండీ, కలుపుకోవాలి," అన్నాను.

"ఎలా?"

నేనే వెళ్ళి స్పూనుతో కలిపాను. ఆవకాయ ఎంత వేసుకోవాలో చూపించాను. నెయ్యి మరో చెంచా వేశాను. వెనక వరసలోంచి మా ఆయన రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దని సైగలు చేస్తున్నారు. నేను చూసి కూడా ఆగలేకపోయాను. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, ఫోర్కు మాత్రం ఆగలేదు. పెరుగన్నంలో చివరి దానిమ్మ గింజదాకా ఊడ్చేసి గడియారం వైపు చూశారు.

"అద్భుతం! రీసెస్‌కి ఇంకా తొమ్మిది నిమిషాలుంది."

హాలంతా లేచి చప్పట్లు. "ఇంకొంచెం వేసుకోండి," అన్న గొంతు వినబడింది. తీరా చూస్తే అది నాదే.

పోలింగు రోజు మధ్యాహ్నం నుంచీ పేరంటాళ్ళ ఫోన్లు.

"అక్కా, బ్యాలెట్ మీద మీ పేరు లేదేమిటి? కింద నుంచి పైకి కూడా చదివాం."

"నువ్వు ఒషావాలో ఉంటావు కదమ్మా!"

"అయితే?"

అయితే ఏముంది. పట్టుచీరలన్నీ పక్క ఊళ్ళవి. మా వార్డులో నాకు గ్యారంటీగా పడ్డవి ఆ మూడిళ్ళ ఓట్లు. మా ఆయన తనదీ పడిందన్నారు గానీ, అడిగినప్పుడు పార వెతుక్కుంటున్నారు. మేష్టారు గెలిచారు.

కొన్నాళ్ళకి ఆయనే ఫోన్ చేశారు. "మీరు కలిపి పెట్టారు కాబట్టి తినగలిగాను. స్కూల్లో పిల్లలకి ఎవరు కలిపి పెడతారు?" అన్నారు. రీసెస్‌లోంచి పది నిమిషాలు తీసి లంచ్‌కి కలపాలని బోర్డులో తీర్మానం పెడతారట. శత్రువైనా బుద్ధిమంతుడు. సభకి నేనూ వెళ్ళాను, మూడు నిమిషాలకి సరిపడా కోసి కుట్టుకున్న ఉపన్యాసంతో.

నా వంతు రాకముందే మా అమ్మాయి మైకు దగ్గరికి నడిచింది. స్నేహితురాళ్ళు నలుగురు వెనకాల. మైకు కిందికి వంచుకుని, ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా చెప్పింది. మా అమ్మ చెప్పేది తప్పు. ఇరవై నిమిషాలు చాలు. నా డబ్బాలో ముగ్గురి భోజనం ఉంటుంది. నన్నెవరూ అడగలేదు. మేం ఒకరితో ఒకరం మాట్లాడుకునేది రీసెస్‌లోనే, అది తీసేస్తే ఇంక స్కూలుకి ఎందుకు రావడం?

చూపుడువేలు ఆడిస్తూ మరీ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత బాగా మాట్లాడిందో!

నేను గబగబా మైకు దగ్గరికెళ్ళాను. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది.

"ఒక కుటుంబానికి ఒక్కరే. మీ కుటుంబం మాట్లాడేసింది."

"అది మా కుటుంబం కాదండీ, ప్రతిపక్షం!" అన్నాను.

అందరూ నవ్వారు, మా ఆయన అందరికంటే గట్టిగా. తీర్మానం ఓడిపోయింది. మేష్టారు కూడా చివరికి పిల్లల వైపే చెయ్యెత్తారు. తన తీర్మానానికి తనే వ్యతిరేకంగా ఓటేసుకునే మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

మర్నాడు పొద్దున డబ్బా ముందు నిలబడి, "ఏం పెట్టమంటావే?" అని అడిగాను. ఆ మాట నేను దాన్ని అడగడం అదే మొదటిసారి.

"ఓన్లీ పప్పన్నం. లిటిల్. నో వేపుడు. పెరుగు, ఆఫ్టర్ స్కూల్."

పప్పన్నం ఒప్పుకున్నాను. వేపుడు వదులుకున్నాను. పెరుగు మీద మాత్రం ఇంకా చర్చలు నడుస్తున్నాయి.