అరచేతి అంచు

వానలు మొహం చాటేసిన ఆ ఏళ్లలో, నాగలమడికలో మా అంగన్‌వాడీ టీచరు పిల్లలకు పొడి కొలిచే తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎంతోసేపు నిలవదు.

నేనక్కడ వంట చేసేదాన్ని. పౌష్టికాహారం పొడి పాకెట్ల మీద ఒక్కో బిడ్డకు ఒక కప్పని, అందులో ఇన్ని క్యాలరీలని అచ్చేసి ఉండేది. ఆమె కప్పు నింపి, అరచేతి అంచుతో పైభాగం గీసేసి, మిగిలింది పాకెట్లోకే తోసేది. శనక్కాయలు కూడా గోపురంగా పోసి కొలిచే ఊరు మాది.

“పసిబిడ్డల కాడ ఏంది తల్లీ ఈ గీకుడు?” అని ఒకసారి అడిగేశాను.

“ఒకనికి ఎక్కువేస్తే కడాన కూచున్నోనికి యాడిదక్కా?” అంది.

ఆ ఎండాకాలం ఒక కూలామె కొడుకు వాంతులు, విరేచనాలతో పోయాడు. వరసలో కడాన కూర్చునేవాడు వాడే. పెన్నేటి ఇసుకలో పూడ్చారు. పోయినవాళ్లకు ఇష్టమైన తిండి మూడోనాడు అక్కడ పెట్టడం మా వైపు ఆచారం. వాడికి తెలిసిన తీపి ఆ పొడి ఒక్కటే. దానికోసం ఆ తల్లి గిన్నె పట్టుకుని టీచరు దగ్గరకు వచ్చింది.

టీచరు పాకెట్లో కప్పు ముంచింది. గీయలేదు. పొడి గోపురంలా నిలిచి అంచుల మీదుగా రాలుతోంది.

ఆ తల్లి తన అరచేతి అంచుతో దాన్ని మెల్లగా గీసి, మిగతాది పాకెట్లోకి తోసింది.

“వానికి దినామూ ఏసేంతే ఎయ్యి టీచరమ్మా. ఎక్కువుంటే తనది కాదనుకొని ముట్టడు.”