రవ్వ దొంగ మీద నా ఫిర్యాదు

ఆ రోజుల్లో కలకత్తాలో ఏ పనికైనా ఒక సంఘం, ప్రతి సంఘానికీ ఏడాదికో సదస్సు, ప్రతి సదస్సు గుమ్మానికీ నాలుగు ఎర్రజెండాలూ ఉండేవి. వాద్యం వాయించి పొట్టపోసుకునేవాళ్లకీ ఒక సంఘం ఉండేది. దాని కార్డు జేబులో ఉంటేనే పూజ పందిళ్లకీ పెళ్లిళ్లకీ పిలుపులొచ్చేవి. ఖిదిర్‌పూర్‌లో ఓ బడి హాల్లో జరిగే సదస్సులో కొత్తవాళ్లు పెద్దల ముందు పది నిమిషాలు వాయించాలి. నచ్చితే సాయంత్రం సభ చేతులెత్తి కార్డు ఇస్తుంది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో రామభజనలకి మృదంగం వాయించేవాణ్ణి (నేను మృదంగాన్ని మోస్తున్నానో, అది నన్ను మోస్తోందో తెలిసేది కాదని వీధిలో అనేవారు). "ఈ పాలి కార్డు రాకపోతే ఆ డోలు అటకెక్కించీ. యార్డులో కళాసీ పనికి మేస్త్రీతో మాటాడీసినాను," అని నాన్న తేల్చి చెప్పేశాడు.

నాకు వాయిద్యం నేర్పిన మావయ్య బస్సు దాకా వచ్చి చెవిలో ఉపదేశం చేశాడు. "సదస్సంటే ఏటనుకున్నావు? పైకి అందరూ దాదా, దాదా అని అన్నాతమ్ముళ్ల వరసలు కలిపీస్తారు. నువ్విలా తల తిప్పితే సాలు, మృదంగం వార్లు కోసీస్తారు. ఎవుల్నీ నమ్మకు!" మావయ్య జన్మలో ఒక్క సదస్సుకీ వెళ్లలేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ పొద్దుటికి మాత్రం అది వేదవాక్కు. హాల్లోకి అడుగుపెట్టింది మొదలు నాకు ప్రతివాడి జేబులోనూ ఓ బ్లేడు కనిపించింది. మృదంగం ఒళ్లో పెట్టుకునే టీ తాగాను. బాత్రూముకీ దాన్నెత్తుకునే వెళ్లాను (ఆ అవస్థ రాయదగ్గది కాదు).

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మృదంగానికి ఎడమ పక్క తడిపిన రవ్వ ముద్ద అంటిస్తేనే నిండుగా పలుకుతుంది. లేకపోతే ఖాళీ డబ్బా కొట్టినట్టుంటుంది. గుప్పెడు చాలు. కానీ మా అత్త "సాలకపోతే ఏటి సేస్తావు?" అంటూ అర కిలో డబ్బాలో పోసిచ్చింది. తడపడానికి నీళ్లకని వంటగదికి వెళ్లి, ఒక చంకలో మృదంగం, ఇంకో చేతిలో డబ్బా ఉండటంతో గ్లాసు పట్టుకోలేక డబ్బాని గుమ్మం పక్క బెంచీ మీద పెట్టాను. అప్పుడే, భుజాన పఖావజ్ (మన మృదంగానికి ఉత్తరాది అన్నగారు) వేసుకున్న ఓ గడ్డం దాదా వచ్చి డబ్బాలోకి తొంగి చూశాడు. "సుజీ? బాహ్, ఖూబ్ భాలో!" అని, చాలా మంచి పని చేశావన్నట్టు నవ్వాడు. రవ్వని చూసి నవ్వేవాడు మంచివాడెలా అవుతాడు? పైగా నా మృదంగాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పరీక్షగా చూశాడు. వార్లు కోసే మొహం ఇదే అనుకుని, మృదంగాన్ని కౌగిలించుకుని హాలు ఆ మూలకి పారిపోయాను. నీళ్లూ రవ్వా రెండూ మర్చిపోయాను.

మధ్యాహ్నం కిచిడీ, దాని తర్వాత మోహన్‌భోగ్ పెట్టారు. మన రవ్వ కేసరికి చుట్టమే, నెయ్యి కారుతూ ఎంతో బాగుంది. రెండుసార్లు పెట్టించుకున్నాను. తింటున్నంతసేపూ నా కళ్లు గడ్డం దాదా మీదే. అతనూ రెండోసారి పెట్టించుకున్నాడు. దొంగలకి ఆకలెక్కువ అనుకున్నాను.

నా వంతు దగ్గర పడుతుండగా రవ్వ గుర్తొచ్చి పరుగెత్తాను. బెంచీ మీద డబ్బా లేదు! బెంచీ కిందా వెతికాను. డబ్బాలోకి తొంగి చూసింది ఒక్కడే కదా. నోటు పుస్తకంలో కాగితం చింపి, నాకొచ్చిన బెంగాలీలో కార్యదర్శికి ఫిర్యాదు రాసిచ్చాను: నా భవిష్యత్తు మీద కుట్ర జరిగిందనీ, గడ్డం ఉన్న పఖావజ్ మనిషి సంచీ సోదా చెయ్యాలనీ. ఆయన రెప్ప వెయ్యకుండా చదివి ఫైల్లో పెట్టుకున్నాడు.

గోడకి చేరగిలబడి ఏడుపు ఆపుకుంటుంటే ఆ దొంగే వచ్చి పక్కన కూర్చున్నాడు. "కీ హోలో, భాయ్?" ఏమైందని అడుగుతూనే, ఎడమ పక్క బోసిగా ఉన్న మృదంగాన్ని చూశాడు. తన పఖావజ్ ఎడమ మూతకున్న గోధుమపిండి ముద్ద ఊడదీసి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. "మాకు ఇదే. నీకూ పలుకుతుంది." నేను వాసన చూశాను. సబ్బు కలిపాడేమోనని నాలిక చివర ఆనించాను. అతను ఓపిగ్గా చూసి, "తినకు, అంటించు," అన్నాడు.

పలికింది! భజనల్లో ఎన్నడూ పలకనంత గంభీరంగా పలికింది. ముందు వరస పెద్దలు తలలూపారు.

సాయంత్రం సభలో కార్యదర్శి ఫైలు విప్పి ఒక్కో కాగితమే చదివాడు. అందులో నా ఫిర్యాదూ చదివాడు, గడ్డంతో సహా. హాలంతా దాదా వైపు తిరిగింది. నేను మృదంగం వెనక దాక్కున్నాను. దాని కింది కాగితం, ఉమ్మడి వంటకి సరుకులు తెచ్చినవాళ్లకి అభినందనలు. "బంగాళాదుంపలు, హౌరా బ్యాండు మిత్రులు. రవ్వ, సంత్రాగాఛి మృదంగం భాయి." ఆ గుమ్మం పక్క బెంచీ మీద ఎవరేం పెట్టినా వంటకిచ్చినట్టేనట. ఆ ఆచారం నాకు తప్ప అందరికీ తెలుసు. నా సాక్ష్యాన్ని నేనే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను! హాలు నవ్వుతో దద్దరిల్లింది.

తర్వాత కార్డుల సంగతి. "అభ్యంతరాలు?" అన్నాడు కార్యదర్శి. గడ్డం దాదా లేచాడు. నాకు యార్డులో మేస్త్రీ కళ్ల ముందు కనిపించాడు. "ఒకటుంది. నా మోహన్‌భోగ్‌లో ఒక్క ఎండుద్రాక్షా రాలేదు. కుర్రాడికి కార్డివ్వండి," అని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. సిగ్గుతో, సంతోషంతో వెళ్లి ఆయన కాళ్లు పట్టుకున్నాను. మృదంగాన్ని ఎక్కడ వదిలేశానో కూడా చూసుకోలేదు.

ఇప్పుడు ముందు వరసలో తలూపే పెద్దల్లో నేనూ ఒకణ్ణి. దాదా లేరు. ఈమధ్య ఒక అమ్మాయి మృదంగాన్ని ఒళ్లో పెట్టుకుని టీ తాగుతూ నావైపు గుర్రుగా చూసింది. ఎడమ పక్క బోసిగా ఉంది. నా రవ్వ ముద్దలో సగం ఇచ్చాను. వాసన చూసింది, నాలిక చివర ఆనించింది. "తినకు తల్లీ, అంటించు," అన్నాను. నమ్మలేదు, ఇంకోసారి రుచి చూసింది. ఆ పిల్లకీ ఎక్కడో ఓ మావయ్య ఉండే ఉంటాడని నవ్వుకుంటూ, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.