తెర మీది డెబ్బై ఆరు

2007లో నేను నంద్యాలలోనే ఉండి ఒక హైదరాబాదు కంపెనీకి పనిచేసేవాడిని. నా భార్యకు ఇక్కడి స్కూల్లో టీచరు ఉద్యోగం కాబట్టి కంపెనీవాళ్లు ఇంటి నుంచే చేసుకోమన్నారు. ఆపరేషన్ అయిన రోగి పక్కన పెట్టి నాడి, ఆక్సిజన్ చూపించే పెట్టెలు తయారుచేసేవాళ్లం. వాటిలో తెరను నడిపే ప్రోగ్రామును డిస్‌ప్లే డ్రైవర్ అంటారు. అందులో ఇతరులు చేసిన మార్పులను చదివి, సరేననడమో తిప్పి పంపడమో నా పని. గ్యాస్ కట్టేశామా లేదా అని రెండుసార్లు లేచి చూసే మనిషిని నేను. ఆ ఉద్యోగానికి అదే అర్హత.

ఒక సోమవారం ప్రసాద్ అనే కుర్ర ఇంజనీరు పంపిన మార్పు చదువుతున్నాను. మెషిన్ నడుస్తుండగానే తెర తీగను పీకి మళ్లీ పెట్టడాన్ని హాట్‌ప్లగ్ అంటారు. తీగ తగలగానే డ్రైవర్ 'నువ్వెవరు?' అని తెరను అడిగి, జవాబు వచ్చేదాకా కాసేపు నిద్రపోతుంది. అందులో తప్పులేదు. కానీ ప్రసాద్ ఆ ప్రశ్నను స్పిన్‌లాక్ వేశాక అడిగించాడు. స్పిన్‌లాక్ అంటే తలుపు లోపలి గడియ లాంటిది. అది వేసినవాడు కునుకు తీస్తే బయటివాళ్లంతా తలుపు దగ్గరే నిలబడిపోతారు, మెషిన్ మొత్తం బిగుసుకుపోతుంది. ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకసారి. నన్ను భయపెట్టింది అదే.

ఫోన్ చేశాను.

“చాలాసార్లు పీకి పెట్టి చూశామండీ, ఏమీ కాలేదు,” అన్నాడు ప్రసాద్. “అయినా రోగి ఉండగా తీగ ఎవరు పీకుతారు? ఆళ్లగడ్డ నర్సింగ్‌హోమ్ మెషిన్లలో శనివారమే ఎక్కించేశాం కూడా.”

నేను చదవకముందే ఎక్కించేశారు! ఆళ్లగడ్డలో మావి రెండు పెట్టెలు పరీక్ష కోసం పెట్టి ఉన్నాయి. అక్కడి నర్సు సువార్తమ్మ సిస్టర్‌కు వెంటనే ఫోన్ చేశాను.

“తెర తీగ ఎప్పుడైనా పీకుతారా సిస్టర్?”

“పీకకుంటే ఎట్లప్పా? ఒక తెర కరెంటు ఎక్కువొచ్చి కాలిపోయినాది. ఉండేది ఒగటే. ఆ మంచం కాడ కొంచేపు, ఈ మంచం కాడ కొంచేపు పెడ్తాండాం. ఇప్పుడు సంజామల ఊరి పెద్దాయనకు పెట్టాల. పొద్దున ఆపరేషన్ అయినాది.”

“పెట్టొద్దు సిస్టర్...” అంటుండగానే లైను కట్టయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆళ్లగడ్డ బస్సెక్కాను. తీగ తగలగానే పెట్టెలో ఉన్న అంకెలు తెర మీదికి వస్తాయి, కాబట్టి ఆ క్షణంలో మెషిన్ బిగుసుకుపోతే తెర నల్లబడదు. చివరగా చూపించిన అంకెలే దాని మీద నిలిచిపోతాయి, ప్రమాదం వచ్చినా మెషిన్ కూత వేయదు. తెర నల్లబడితే ఎవరైనా పరిగెత్తుకొస్తారు. మంచి అంకె కనిపిస్తుంటే ఎవరొస్తారు? బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవర్ మీద కోపం వచ్చింది. పాపం, ఆయన చేసిందేమీ లేదు.

వార్డులో పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. తెర ఆయన మంచం పక్కకు వచ్చేసింది. నాడి డెబ్బై ఆరు. కొడుకు స్టూలు మీద కూర్చుని నిశ్చింతగా ఆ అంకెనే చూస్తున్నాడు. నేను పెద్దాయన మణికట్టు పట్టుకున్నాను. నాకు నాడి చూడటం ఎక్కడ వచ్చు?

“సిస్టర్, మీరు చేత్తో చూడండి!”

ఆమె మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

“ఉండాది. కానీ శానా జోరుగా కొట్టుకుంటాందప్పా. డెబ్బై ఆరు గాదిది.”

ఆమె పెద్దాయన వేలి నుంచి నాడి కొలిచే క్లిప్పు తీసేసింది. తెర మీద డెబ్బై ఆరు అలాగే ఉంది.

“వేలు లేకున్నా కొట్టుకుంటాందే!” అని, డాక్టరు కోసం పరిగెత్తింది.

లోపల రక్తం కారుతోందని చెప్పి పెద్దాయనను మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారు. నేను రెండు పెట్టెలూ ఆపేసి, వరండాలో కొడుకు పక్కన కూర్చున్నాను. అతను నా వైపు తిరిగాడు.

“అన్నా, అంతసేపూ నేను చూసిండేది ఏంది మరి?”

సాయంత్రానికి గండం గడిచిందని డాక్టరు చెప్పాకే నేను తిరుగు బస్సెక్కాను.

అప్పటిదాకా ఇలాంటి తప్పు కనిపిస్తే 'లాక్ వేసి నిద్రపోతోంది, సరిచేయగలరు' అని మర్యాదగా రాసేవాడిని. ఆ రోజు ఇంటికి రాగానే ప్రసాద్‌కు ఒక్క వాక్యం రాశాను: 'ఈ మార్పుతో చనిపోయిన మనిషికి కూడా నాడి చూపించవచ్చు.'

ఆ తర్వాత ఎవరి మార్పు నా ముందుకు వచ్చినా, అది ఎంత బాగా నడుస్తుందన్నది తర్వాత చూస్తాను. ఇది ఆగిపోతే, ఆగిపోయిందని ఎదురుగా కూర్చున్నవాడికి తెలుస్తుందా? ముందు దానికి జవాబు చెప్పమంటాను.